దారానికి మిగిలిన వాషరు

మా మామ పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను ఆదోనిలో మా ఇంటి ముందు బండి తుడుచుకుంటున్నాను. పొద్దున ఏడు కూడా కాలేదు. అత్త గొంతు మామూలుగానే ఉంది. "మీ మామ లేయలేదమ్మా. రోజూ నాకంటే ముందు లేసి హోటలుకు ఉగ్గానికి పోతాడు గదా, ఈ పొద్దు పోలేదు. కదిలించి సూస్తే సల్లగుండాడు," అంది. ఫోను పెట్టేశాక చేతిలోని గుడ్డ వైపు చూశాను. బండి తుడవడానికి నేను తెచ్చుకున్న ఆ గుడ్డ ఆయన పాత తువ్వాలే. అప్పుడు ఏడుపొచ్చింది.

బస్సు కోసం నిలబడలేదు. ఆ బండి మీదే ఎమ్మిగనూరు బయల్దేరాను. కళ్లు తుడుచుకోవడానికి రెండుసార్లు ఆగాను. సగం దారి దాటాక ఒక స్పీడుబ్రేకరు ఎక్కి దిగుతుంటే ఉన్నట్టుండి నవ్వొచ్చింది. మామ చావుకు పోతూ నవ్వే కోడలు ఏం కోడలమ్మా అనుకోకండి. ఆ స్పీడుబ్రేకరు సంగతి తెలిస్తే మీరూ నవ్వుతారు. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఏడుపులు ఎట్లాగూ దినాల్లో అయిపోయాయి.

మా మామ నేతగాడు. మా అత్తగారింటి వసారాలో ఆయన గుంత మగ్గం ఉండేది. నేను కోడలిగా వచ్చేసరికే నేత గిట్టుబాటు కాక మగ్గం తీసేసి, ఆ గుంత మట్టితో పూడ్చి, పైన సిమెంటు వేశారు. కొత్త సిమెంటు కాబట్టి నేల మీద ఆ చదరం మాత్రం తెల్లగా వేరే కనిపిస్తుంది. గోడకు మగ్గం నాటి కొయ్యమేకులు అట్లాగే ఉన్నాయి. ఆ తెల్ల చదరం మీదే మా ఆయన బండి నిలబెట్టేవాడు. బండి చదరం గీత దాటి నిలబడితే మామ లేచి వచ్చి సరిగ్గా మధ్యకు జరిపి పోయేవాడు.

మా ఆయన బోరు లారీ మీద పనికి పోతాడు. పోతే రెండు నెలలు, మూడు నెలలు ఇంటి మొహం చూడడు. నేను నర్సును. పెద్దాసుపత్రి నర్సును కాదు, పల్లెలు తిరిగి పసిపిల్లలకు టీకాలు వేసే నర్సును. బుధవారం, శనివారం మందుల పెట్టె భుజాన వేసుకుని నల్లరేగడి పల్లెలకు పోవాలి. ఆటో ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. ఒకరోజు నేను ఎండలో గంటసేపు ఆటో కోసం నిలబడి తిరిగొచ్చి చెప్పులు విసిరేస్తుంటే, మామ అరుగు మీద కూర్చుని చూశాడు. "బండేమో ఈడ ఖాళీగా నిలబడింది. నువ్వేమో ఆడ ఖాళీగా నిలబడతాండావు. ఇద్దరూ కలిసి పోతే బాగుంటాది గదమ్మా," అన్నాడు.

"నాకు రాదు గదా మామా."

"నాకూ రాదు. నేర్పిస్తా పద."

నిజంగా ఆయనకు రాదు. సైకిలు తప్ప ఇంకేదీ తొక్కి ఎరగడు. బండి ఎక్కితే కడుపులో తిప్పుతుందని, వెనక కూడా కూర్చునేవాడు కాదు. మా ఆయన ఫోనులో క్లచ్చు, గేరు చెబుతుంటే, మామ స్పీకరు పెట్టుకుని మైదానంలో నా వెనక పరుగెత్తేవాడు. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో బండి క్యారియరు. పంచె ఊడిపోతే పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదని అత్త గట్టు మీద నిలబడి నవ్వేది. ఇరుగుపొరుగు కూడా చూడటానికి వచ్చేవాళ్లు. పదో రోజుకు నేను బండి నడిపాను. పదకొండో రోజు మామ కాళ్ల నొప్పులని మంచం దిగలేదు.

ఆయన అలవాట్లు మూడు చెబుతాను, లేకుంటే మీకు మనిషి కనపడడు. మొదటిది ఉగ్గాని, అంటే మా వైపు బొరుగులతో చేసే ఉప్మా. పొద్దున్నే హోటలుకు పోయి ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తినేవాడు. ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు, "ఆకలైతాంది, ఏమన్నా పెట్టు," అనేవాడు. బజ్జీ నూనె అంటిన కాగితం జేబులోంచి తొంగి చూస్తుండేది. అత్త ఆ కాగితం వైపు చూసేది, అయినా పెట్టేది. రెండోది ఆ జేబు. దాంట్లో ఏముండేవో ఆయనకే తెలియదు. దారం ముక్కలు, దువ్వెన, సైకిలు నట్టు, ఎవరి చొక్కాదో గుండీ, మగ్గం విప్పినప్పుడు దాచుకున్న ఇనప బిళ్ళలు, అన్నీ అందులోనే. నడుస్తుంటే గలగలమనేవాడు. ఆ చప్పుడు విని, ఆయన ఇల్లు చేరకముందే అత్త పొయ్యి మీద టీ పెట్టేది.

మూడోది జత. దేన్ని చూసినా ఎడమ, కుడి రెండూ సమానంగా ఉన్నాయా అని చూసేవాడు. నేను జడ వేసుకుంటే, "కుడి పక్క వదులైంది," అనేవాడు. నలభై ఏళ్లు పడుగు దారాలు సరిచూసిన కళ్లవి. అందుకే బండికి జబ్బు ఉందని నాకంటే ముందు కనిపెట్టింది ఆయనే. ఒకరోజు సిమెంటు చదరం మీద నిలబెట్టిన బండి ముందు గొంతుక్కూర్చుని, "ఇది ఒక పక్కకు తల దించుతాండాది," అన్నాడు. నేను పట్టించుకోలేదు. పనెక్కువుంది, నాకు కోపం కూడా ఎక్కువే.

బండి ముందు చక్రానికి అటొకటి ఇటొకటి రెండు గొట్టాలుంటాయి, చూసే ఉంటారు. షాకప్సర్లంటారు మావాళ్లు. ఆ గొట్టాల్లో పొడుగాటి స్ప్రింగులుంటాయి, కాస్త ఆయిలుంటుంది. గుంతలో పడ్డప్పుడు కుదుపును అవే మింగుతాయి. మా బండి స్ప్రింగులు ముసలివైపోయాయి. బ్రేకు వేస్తే ముందు భాగం మోకాళ్ల మీద పడ్డట్టు దిగిపోయి, లోపల టక్కుమని తగిలేది. శ్రావణం మొదలైన వారంలో కాలువ మీది ఒక మోరీ వంతెన దగ్గర అడ్డం వచ్చిన మేకకు బ్రేకు వేశాను. ముందు చక్రం టక్కుమంది, హ్యాండిల్ చేతిలోంచి తిరిగిపోయింది, నేను, నాతో పాటు మందుల పెట్టె, కింద పడ్డాం. మోకాలు చెక్కుకుపోయింది. పెట్టెకు ఏమీ కాలేదు, మేకకు అంతకన్నా ఏమీ కాలేదు. నిలబడి నా వైపే చూసింది.

దెబ్బ చిన్నదే. భయం మాత్రం పెద్దది. ఇంటికి బండి నడిపించుకుంటూ వచ్చాను, ఎక్కలేదు. మర్నాడు ఎక్కుదామని హ్యాండిల్ పట్టుకుంటే చేతులు వణికాయి. వారం వారం పసిపిల్లలకు సూది వేసే చేతులు, ఎప్పుడూ వణకనివి. మా ఆయన ఫోనులో, "బండి అమ్మేద్దాంలే. ఉద్యోగమూ వద్దు, ఏమీ వద్దు. ఇంట్లో ఉండు," అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నాకు మాత్రం ఎవరో కుర్చీ లాగేసినట్టైంది. ఆ ఉద్యోగం కోసం నేను ఎంత చదివానో, మా అమ్మతో ఎంత పోట్లాడానో నాకు తెలుసు. అయినా 'సరే'నని నోటిదాకా వచ్చింది, ఎందుకంటే చేతులు వణుకుతున్నాయి. ఆ శనివారానికి సెలవు పెట్టేశాను, కానీ బుధవారం వస్తోంది. మూడు పల్లెల పిల్లలకు టీకాలు. ఆ బుధవారం నేను బండి ఎక్కకపోతే ఇంకెప్పుడూ ఎక్కనని నాకు తెలిసిపోయింది.

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. మామ తనంతట తానే మెకానిక్కు దగ్గరికి పోయి వచ్చాడు. ఉరుకుంద ఈరన్న తిరునాళ్ల రోజులు. ఊళ్లో ఉన్న బండ్లన్నీ ఉరుకుంద పోవడానికి మెకానిక్కు ముందు వరసలో ఉన్నాయట. పది దినాలైతే గానీ ముట్టుకోనన్నాడట. అత్త, "పది దినాలు ఆగితే ఏమైతాది?" అంది.

"ఆగితే భయం ముదురుతాది," అన్నాడు మామ. నా వైపు తిరిగాడు. "మెకానిక్కు చేసేది బండికి వైద్యం. మనం చేస్తే నీక్కూడా అయితాది. ఇంట్లోనే మారుస్తాం పద."

"మామా, అది మగ్గం కాదు!"

"తెలుసులేమ్మా. మగ్గమే విప్పి కట్టినోడికి రెండు గొట్టాలొక లెక్కా? తీసిన వరస యాదుంటే పెట్టేది కష్టం కాదు."

శుక్రవారం ఆయన ఒక్కడే బస్సెక్కి ఆదోని పోయి స్ప్రింగులు తెచ్చాడు. ఆ దుకాణం ఆయన్ని తర్వాత ఎప్పుడో నేను కలిస్తే, ఆ రోజు జరిగింది చెప్పి తల పట్టుకున్నాడు. మామ రెండు స్ప్రింగులూ బల్ల మీద పక్కపక్కనే నిలబెట్టి, వాటి మీద రెండు అరచేతులూ పెట్టి, కళ్లు మూసుకుని నొక్కాడట. "ఎడమది ఒక పోగు ఎత్తుండాది, వేరే జత ఇయ్యి," అన్నాడట. దుకాణమాయన, "పెద్దాయనా, ఇవి కంపెనీవి, చీరలు కాదు," అన్నాడట. మామ మూడో జతకు గానీ కదల్లేదు. ఆ మూడో జతను పేపర్లో చుట్టించుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. బజ్జీ కాగితం కూడా జేబులో ఉంది.

ఆదివారం పొద్దున పని మొదలుపెట్టాం. ఇంజను కింద ఇటుకలు, దాని పైన ఒక చెక్క ముక్క పెట్టి ముందు చక్రం గాలిలో ఉండేట్టు లేపాం. మామ కొయ్యమేకులకు రెండు దారాలు కట్టాడు. ఎడమ గొట్టానికి తెల్లదారం, కుడి గొట్టానికి ఎర్రదారం. ఏది విప్పితే అది ఆ దారానికి ఒక ముడేసి కట్టాలి. రెండోది విప్పితే దాని కింద ఇంకో ముడి. పెట్టేటప్పుడు కింది నుంచి ఒక్కో ముడీ విప్పుకుంటూ రావాలి. "వరస మరిచిపోవాలన్నా మరిచిపోలేవు," అన్నాడు. నేను ఫోనులో వీడియో పెట్టాను. వీడియోలో ఉన్నాయన హిందీలో గడగడా చెబుతున్నాడు. మామ కాసేపు విని, "ఆయప్ప యేమిటికి అట్ల అరుస్తాడు? బండి చెవిటిదా?" అని ఫోను తిరగేసి పెట్టాడు.

గొట్టం పైన మూత బోల్టు ఉంటుంది. దాని కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది కాబట్టి, ఆఖరి మర దగ్గర చేత్తో అదిమిపెట్టి మెల్లగా వదలాలి. ఈ సంగతి ఆ అరిచే ఆయన చెప్పే ఉంటాడు. మేం ఫోను తిరగేసి పెట్టాం గదా. ఎడమ మూత తిప్పుతున్నాను, తిప్పుతున్నాను, ఫట్‌మని పైకి లేచిపోయింది. వసారా పైరేకుకు తగిలి, గోడకు తగిలి, అత్త నానబెట్టిన బొరుగుల గిన్నెలో పడింది. ఉగ్గాని చేద్దామని ఇంటిల్లిపాదికీ నానబెట్టిన బొరుగులు. నల్లటి ఆయిలు మరకతో మూత మధ్యలో కూర్చుంది.

అత్త గిన్నె వైపు చూసింది, మామ వైపు చూసింది. "ఇంగ ఏం తింటారు? స్ప్రింగులు తింటారా?"

"బాధపడాకే," అన్నాడు మామ చాలా దిగులుగా. "హోటలు నుంచి తెస్తాలే, ఏం చేస్తాం!" అప్పటికే ఒక కాలు గడప బయట ఉంది. అన్నేళ్లలో మొదటిసారి ఆయన అత్తకు చెప్పి హోటలుకు పోయాడు. అందరికీ ఉగ్గాని, మూడేసి బజ్జీలు తెచ్చాడు. దాచుకోకుండా తినడం ఆయనకు అలవాటు లేదు, రెండుసార్లు పొలమారింది.

తిన్నాక పాత స్ప్రింగులు తీగ కొక్కెంతో పైకి లాగాం. నేల మీద పక్కపక్కన పెడితే, కుడిది ఎడమదానికంటే గోరంత పొట్టిగా ఉంది. మామ నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. పాత ఆయిలు బురద నీళ్లలా ఉంది. కొత్త ఆయిలు రెండు గొట్టాల్లోనూ ఒకే కొలత పడాలి. కొలవడానికి నేను మెడికల్ షాపులో కొత్త సిరంజి తెచ్చాను, అన్నిట్లోకీ పెద్దది. గీత దగ్గరికి కంటిని దించి, ఆయిలు పీల్చి, గాలి బుడగ వేలితో కొట్టి పోగొట్టి, గొట్టంలో పోశాను. మామ నోరు తెరుచుకుని చూశాడు. వీధిలోకి పోయి, "రండప్పా, మా కోడలు బండికి సూదేస్తాండాది!" అని కేక పెట్టాడు. పక్కింటి వాళ్లు నిజంగానే వచ్చారు.

మూతలు బిగించడం మాత్రం ఇద్దరం కలిసి చేశాం. కొత్త స్ప్రింగు బలంగా తంతుంది. ఆయన తువ్వాలు మడిచి మూత మీద పెట్టి ఒళ్లంతా బరువేసి నొక్కుతుంటే, నేను తిప్పాను. "నేను నొక్కుతా, నువ్వు తిప్పు. నేను నొక్కుతా, నువ్వు తిప్పు," అని ఒకటే పాట. మధ్యాహ్నానికి రెండూ బిగిశాయి. నేను చేతులు కడుక్కోవడానికి లేచాను.

"ఇదేందమ్మా?" అన్నాడు మామ. ఎర్రదారం పట్టుకుని ఉన్నాడు. దాని పై ముడికి, మేకు పక్కనే, ఇనప వాషరు ఒకటి వేలాడుతోంది. "ఒకటి మిగిలింది."

నా ప్రాణం పోయింది. "మామా, అన్నీ పెట్టినాం గదా. యాడిదో ఏమో. పోనీలే."

"నువ్వు పిల్లోడికి సూదేసినాక సూదిలో మందు మిగిలితే, పోనీలే అంటావా?"

పళ్లు నూరుకుంటూ స్పానర్ తీసుకున్నాను. మామ మంచం మీద అటు తిరిగి కూర్చున్నాడు. "నా కండ్లు మంట పుడతాండాయి. నువ్వు విప్పు," అన్నాడు.

"మూత ఎవరు నొక్కుతారు? వచ్చి పట్టుకో మామా!"

"కండ్లమ్మా..."

"నొక్కేది చేతుల్తో! కండ్లతో కాదు!"

ఆయన వీపు కదల్లేదు. అత్త వంటింట్లోంచి రాలేదు. ఎంత కోపం వచ్చిందంటే, ఆ కోపంలో కుడి మూత అరచేత్తో అదిమిపెట్టి ఒక్కదాన్నే విప్పేశాను, ఈసారి ఎగరలేదు. లోపల చూస్తే వాషరు దాని చోట అది ఉంది. మళ్లీ బిగించాలి. పీట వేసుకుని దాని మీద ఎక్కాను. తువ్వాలు వేసి, స్పానర్ పిడి మీద గుండెల బరువంతా వేశాను. రెండుసార్లు జారింది. మూడోసారి ముందుకు కాకుండా వెనక్కి తిప్పి చూశాను. మర మరలో కూర్చున్న చిన్న చప్పుడు వేళ్లకు తెలిసింది. అప్పుడు ముందుకు తిప్పాను. బిగిసింది. మామ వెనక్కి తిరక్కుండానే, "మరి ఎడమది?" అన్నాడు.

ఎడమది విప్పాను. దాని వాషరూ అందులోనే ఉంది. దాన్నీ ఒక్కదాన్నే బిగించాను, ఒక్కసారికే. అప్పుడొచ్చాడు మామ. మిగిలిన వాషరు వెలుగుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయ్యో, అయ్యో! ఇది బండిది కాదమ్మా. మగ్గానిది! నా జేబులోది! దారం తీసేటప్పుడు దాంతో పాటే వచ్చినట్టుండాది," అని నోరంతా తెరిచి నవ్వాడు.

నేను నవ్వలేదు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. "అత్తా, మామను అన్నానికి రమ్మను," అనేదాన్ని, ఆయన అక్కడే కూర్చుని ఉండగా. "కోడలికి సెప్పు, వస్తాండానని," అనేవాడు ఆయన. అత్త ఇద్దరి మధ్యా అటూ ఇటూ తల తిప్పి, "నాకు మెడ పట్టేసింది, ఇంగ మీరే మాట్లాడుకోండి," అంది.

మంగళవారం సాయంత్రం తాళంచెవి చేతిలో పట్టుకుని బండి దగ్గర నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మామ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి వెనక సీటెక్కాడు. ఎప్పుడూ బండి ఎక్కని మనిషి!

"కడుపులో తిప్పుతాదన్నావు గదా!" అన్నాను. రెండు రోజుల తర్వాత అదే నా మొదటి మాట.

"తిప్పితే తిప్పనీ. నువ్వు బిగించినావు గదా. నాకేం ఫికరు?"

ఆ మోరీ దగ్గరికే పోయాం. దానికి కాస్త దూరంలోనే రెండు కాళ్లూ కింద పెట్టి ఆగిపోయాను. వెనక నుంచి ఆయన, "పో," అన్నాడు. అంతే. పోయాను. మోరీ ముందు గట్టిగా బ్రేకు వేశాను. ముందు భాగం మెత్తగా దిగి, మెత్తగా లేచింది. టక్కుమనలేదు. మళ్లీ వేశాను. టక్కుమనలేదు. ఆ మోరీ మీదే నేను గట్టిగా అరిచేశాను, సంతోషంతో. నా చేతుల వైపు చూసుకుంటే అవి వణకడం లేదు.

అట్లాగే ఆదోని రోడ్డు ఎక్కి సగం దూరం పోయాం. అక్కడే ఆ స్పీడుబ్రేకరు. ఎక్కి దిగాం. మామ నా భుజం తట్టి, "ఇంగోసారి!" అన్నాడు. వెనక్కి తిప్పి మళ్లీ దాటాను. "ఇంగోసారి!" నాలుగుసార్లు దాటాం. పత్తి మూటల ట్రాక్టరాయన ఆగి, ఏదో పారేసుకున్నారనుకుని, "ఏం పోయిందప్పా?" అని అడిగాడు. మామ ఊపిరాడకుండా నవ్వుతూ, "ఏం పోలేదు సామీ, దొరికింది," అన్నాడు. ఆయన వయసు మనిషి అట్లా నవ్వడం నేను మళ్లీ చూడలేదు. బుధవారం మూడు పల్లెలూ తిరిగి వచ్చాను. మా ఆయన బండి అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత నాకు ఆలూరు వైపు పల్లెలకు బదిలీ అయింది. ఆదోనిలో కాపురం పెట్టాం. నెలకోసారి బండి మీద పోతే, మామ నా కంటే ముందు బండిని పలకరించేవాడు. ముందు చక్రం మీద అరచెయ్యి పెట్టి నొక్కి, "బాగుండాదా?" అనేవాడు. ఎవరిని అడిగాడో తెలిసేది కాదు. పోనుపోనూ కళ్లు బాగా మసకేశాయి. నొక్కి చూడటం మాత్రం మానలేదు.

దినం నాడు వచ్చినవాళ్లందరూ భోంచేసి పోయాక, అత్త ఆయన చొక్కా జేబు ఖాళీ చేస్తూ కూర్చుంది. దువ్వెన, దారం ముక్కలు, నూనె కాగితం. కాగితం మడిచి పక్కన పెట్టుకుంది. ఆఖరున ఒక ఇనప వాషరు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది నీదే," అంది.

"ఇదా! ఆ రోజు నా ప్రాణం తీసిన బిళ్ళ. జేబులోంచి దారంతో వచ్చిందన్నాడే, అది గదా?"

అత్త పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"జేబులోంచి వచ్చేదేంది? కావాలనే కట్టినాడు. నువ్వు ఆయిలు కొలుస్తాండావు గదా, అప్పుడు నా ముందరే అన్నిటికీ పైన ముడేసినాడు. యేమిటికి ఈ పాడు పని అంటే, సుమ్నుండు, మాట్లాడాకు అన్నాడు. 'ఈసారి నేను నొక్కుతా, అది తిప్పుతాది. మల్లసారికి నేనుంటానా? ఒక్కతే ఒకసారి విప్పి బిగించల్ల. మాటతో సెప్తే నువ్వు కూడా రా మామా అంటాది,' అన్నాడు. నేనుండేంత వరకు సెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు."

"కండ్లు మంటలన్నది?"

"యాడి మంటలు! అటు తిరిగి కూసొని, నువ్వు తిట్టుకుంటాంటే సంతోషంతో కండ్లు తుడుసుకుంటాండాడు. నేను వంటింట్లోంచి సూస్తానే ఉన్నా."

నేను ఆ సిమెంటు చదరం మీద కూర్చుండిపోయాను. రెండు రోజులు మాట్లాడకుండా ఉన్నానే అని ఒక పక్క, ఎంత గడుసువాడివి మామా అని ఒక పక్క. అత్తా నేనూ ఒకరి భుజం మీద ఒకరం వాలి, ఏడుస్తున్నామో నవ్వుతున్నామో మాకే తెలియకుండా చాలాసేపు అట్లాగే ఉన్నాం. గురువులు చాలామంది ఉంటారు. తనకు రాని బండి నాకు నేర్పించి, తను లేకుండా ఎట్లా బిగించాలో కూడా నేర్పించి పోయినవాడు ఒక్కడే.

మొన్న ఆదివారం ఆదోనిలో బండి ముందు గొట్టాలు మళ్లీ విప్పాను. ఆయిలు మార్చే వేళైంది. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు, పట్టుకోనా అన్నాడు. వద్దన్నాను. గోడకు రెండు మేకులు కొట్టి, తెల్లదారం ఒకటి, ఎర్రదారం ఒకటి కట్టాను. ఎర్రదారానికి అన్నిటికంటే ముందు, పైన, ఆయన వాషరు ముడేశాను. ఆ తర్వాతే మూత విప్పాను. సిరంజితో ఆయిలు కొలిచాను. గుండెల బరువు వేసి, వెనక్కి తిప్పి, మర కూర్చున్న చప్పుడు విని, ముందుకు బిగించాను. ఒక్కో ముడీ విప్పుకుంటూ వచ్చాను.

అన్నీ అయ్యాక చూస్తే, దారానికి ఒకటి మిగిలింది.

మా ఆయన కంగారుగా, "ఏయ్, ఒకటి మిగిలిపోయిందే!" అన్నాడు. "మిగలనీ," అన్నాను. దారం విప్పలేదు. ఇప్పటికీ ఆ మేకుకే ఉంది. నేను బండి స్టార్టు చేసినప్పుడల్లా గోడ సన్నగా అదిరి, ఎర్రదారానికి ఆ వాషరు కాసేపు అటూ ఇటూ ఊగుతుంది.